గోడ మీది ఎర్ర రాత

ఇతోహన్ ఇంటికి ఏ లోటూ లేదు. బావిలో నీళ్లున్నాయి, కప్పు కారదు, ఇంటిముందు రోడ్డు వానాకాలంలో సగమే కొట్టుకుపోతుంది. బెనిన్ నగరంలో ఇంతకంటే ఏం కావాలి? అయినా మూడు నెలలుగా అమ్ముడుపోవడం లేదు. కారణమల్లా ప్రహరీ మీద మనిషెత్తు ఎర్ర అక్షరాలు: "ఈ ఇల్లు అమ్మకానికి లేదు. మోసగాళ్లున్నారు, జాగ్రత్త."

వీధిలో అందరి గోడల మీదా అలాంటి రాతలే. ఇతోహన్‌ది మాత్రం విమానంలోంచి కూడా చదవొచ్చు.

రాసింది ఆవిడే. నాలుగేళ్ల కిందట చుట్టాల పెళ్లికని వారం రోజులు లేగోస్ వెళ్తే, ఆ వారంలో లక్కీ అనే పెద్దమనిషి ఇంటిని ఆరుగురికి అమ్మేశాడు. తిరిగొచ్చేసరికి ఆరు కుటుంబాలు వాకిట్లో మంచాలు దింపుకుని, ముందుగది ఎవరిదని కొట్టుకుంటున్నాయి. ఆమె ఎవరో తెలియని లక్కీ, "రండి మేడమ్, వెనకగది ఇంకా ఖాళీయే, మీకైతే చవగ్గా ఇప్పిస్తా" అని ఆవిడకే బేరం పెట్టాడు. అతను జైలుకెళ్లాడు. ఆమె సపెలె రేవుకి వెళ్లి పడవలకు పూసే రంగు తెచ్చి గోడ మీద రాసింది. గేటు మీదా, నీళ్ల ట్యాంకు మీదా రాసింది. పారిపోకపోయుంటే కుక్క మీద కూడా రాసేదే.

ఇప్పుడామెకు ఎక్పోమాలో ఒక బేకరీ కావాలి. ఇరవయ్యేళ్లుగా ఇంటి వెనక రేకు పీపాలో రొట్టెలు కాల్చీ కాల్చీ విసిగిపోయింది. అక్కడి ఇటుక పొయ్యిలో ఒక్క వాయికి మూడొందలు కాలతాయి. దాని ముసలి యజమాని ఆదివారం సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఒక పాస్టర్‌కి ఇచ్చేస్తాడు. ఆయన పొయ్యి పడగొట్టి ప్రసంగాల వేదిక కడతాడట. ఈరోజు గురువారం. గేటుకీ గుమ్మానికీ మధ్య ఇతోహన్ తిరిగిన తిరుగుడుకి వాకిట్లో కాలువ పడింది. పొద్దున వాననీళ్లు అందులోంచే పోయాయి.

మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. భర్త గోడ చదివి గేటు బయటే ఆగిపోయాడు.

"ఇల్లు మీదేనా మేడమ్?"

"నాదే. కాగితాలు చూడండి."

"మరి గోడేమో వేరే చెప్తోంది?"

"అది నేనే రాశాను."

"దొంగలూ ఇదే చెప్తారు," అంది భార్య.

"దొంగలు గోడ మీద రాస్తారా అక్కా?"

"తెలివైనవాళ్లు రాస్తారు. పదండి, ఈవిడ మరీ తెలివైంది."

శుక్రవారం ఇతోహన్ మూడు పూతలు సున్నం కొట్టింది. సాయంత్రం వానకి సున్నం కాలువలో కలిసిపోయింది, అక్షరాలు మొహం కడుక్కున్నట్టు మెరిశాయి. శనివారం పొద్దున్నే ఉలీ సుత్తీ పట్టుకుంది.

రెండో అక్షరం రాలేసరికి పక్కింటి పెద్దాయన పా ఓగియెవా నలుగురు వీధి కాపలావాళ్లను వెంటేసుకొచ్చాడు.

"పట్టుకోండి! రాత చెరిపేస్తోంది! ఇల్లు అమ్మేసే దొంగ!"

"పా! నేను, ఇతోహన్‌ని! పొద్దున్నేగా నా రొట్టె తిన్నారు?"

"ఇతోహన్ ఆ రాత ముట్టుకోదు. రంగు కోసం సపెలె దాకా వెళ్లింది. కాబట్టి నువ్వు ఇతోహన్‌వి కాదు."

"మీ మనవరాలికి పేరు పెట్టింది నేను కదా!"

"బాగా వాకబు చేసుకొచ్చింది," అన్నాడు పా, కాపలావాళ్లతో మెచ్చుకోలుగా.

చివరికి ఆమె చేత రొట్టెలు చేయించి, తిని, ఇతోహనే అని తేల్చారు. అనుమానం మిగలకూడదని రెండోసారి కూడా తిన్నారు.

సాయంత్రానికి గోడ మీదా, గేటు మీదా, ట్యాంకు మీదా ఒక్క అక్షరం లేదు. ఇతోహన్ చేతులు బొబ్బలెక్కాయి. అప్పుడే కారొకటి ఆగింది. తలకు నీలం గుడ్డ చుట్టుకున్న ఒకావిడ దిగి, గోడ చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. ఆవిడ పేరు మేడమ్ ఇసోకెన్, బట్టల వ్యాపారి.

"రాత ఏది?"

"చెరిపేశాను మేడమ్. ఇల్లు నిజంగా అమ్మకానికే."

"అది తెలిసే వచ్చా. ఎవరో పిచ్చిది ఇల్లు అమ్ముతానంటోందని మూడు వీధుల వాళ్లు చెప్పారు. నాకు కావాల్సింది ఆ రాతే చెల్లీ! మా ఆయన పోయాక మరుదులు నా ఇల్లు రెండుసార్లు అమ్మారు. రెండోసారి నేను లోపల స్నానం చేస్తున్నా. కొన్నవాడు తలుపు కొట్టి, తువ్వాలు కూడా బేరంలో ఉందా అనడిగాడు. ఈ గోడ చూశాకే నాకు నిద్ర పట్టింది. ఈ ఇంటిని దేవుడొచ్చినా అమ్మలేడు."

"అయితే రేపే సంతకం పెడదామా?"

"రాత ఉంటేనే. అదే రంగు, అదే ఎత్తు."

అటక మీద సగం డబ్బా రంగు మిగిలుంది. ఆదివారం జనం చర్చికి వెళ్తుంటే ఇతోహన్ నిచ్చెనెక్కి ఉంది. కింద మేడమ్ ఇసోకెన్ కాగితాలు పట్టుకుని, "ఆ అక్షరం ఇంకాస్త లావుగా దిద్దు, మా పెద్దమరిదికి చూపు ఆనదు" అంటోంది. ఎక్పోమా బస్సు ఒంటిగంటకి. పన్నెండున్నరకి 'జాగ్రత్త' పూర్తయింది. సంతకం పక్కన ఎర్రగా బొటనవేలి ముద్ర కూడా పడింది.

పా ఓగియెవా చర్చి నుంచి వస్తూ ఆగాడు. మొదట్నుంచి చివరిదాకా చదివాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇదీ మన ఇతోహన్ అంటే! ఎక్కడికీ పోవన్నమాట."

"పోను పా," అంది ఇతోహన్. రొట్టెల అచ్చుల మూట నెత్తికెత్తుకుని బస్టాండు వైపు పరుగెత్తింది.