తమ్ముని కొండ

కిరసనాయిలు దీపం వత్తి పైకి ఎగదోసి, మంట చివర నల్లటి పొగ తిరిగేదాకా బసవరాజు కనిపెట్టుకుని కూర్చున్నాడు. తరువాత నున్నటి తెల్ల కాగితం చుట్టిన రేకు డోలును ఆ పొగమీద నెమ్మదిగా తిప్పసాగాడు. మసి మందమైతే సూది ఇరుక్కుంటుంది. పలచనైతే గీత కనబడదు. నాలుగేళ్లుగా ఉప్పల్‌లోని భూకంపాలను నమోదు చేసే కేంద్రంలో అతని పని ఇదే. రోజుకొక కాగితాన్ని నల్లబరచాలి, నిన్నటి కాగితాన్ని విప్పి, మసి చెరగకుండా లక్క కలిపిన ద్రావణంలో ముంచి ఆరబెట్టాలి. ఆ మసిమీద సూది గీసిన తెల్లగీతలను చదవడం పెద్ద చదువుల వాళ్ల వంతు. నడివయసు దాటిన మనిషి, ఎంత తోమినా గోళ్ల సందుల్లో నలుపు పోదు. అన్నం వడ్డించేటప్పుడు భార్య తారామణి ఆ వేళ్ల వంక చూసి రోజూ మూతి ముడుస్తుంది.

డోలు పట్టుకుని, నేలమాళిగ మెట్ల దగ్గర చెప్పులు విడిచి దిగాడు. ఎంత మెత్తగా నడిచినా కిందనున్న యంత్రం సూది అతని అడుగులను పట్టేస్తుంది. రోజూ తొమ్మిది దాటగానే పడే ఆ చిన్న చిన్న గీతల పక్కన నరసింహమూర్తి గారు ఎర్ర పెన్సిలుతో ‘బ’ అని రాస్తారు. రాజమండ్రి నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఆయన. ఇదుగో బసవరాజు భూకంపం అని నవ్వుతారు. ఆ వేళాకోళం బసవరాజుకు ఇష్టమే. అంత గొప్ప కాగితాల్లో తనదీ ఒక అక్షరం ఉంది కదా!

ఈ ఉద్యోగంలో అంతకంటే ఇష్టమైనది మరొకటి ఉంది. తల్లి పోయాక తాను ఎత్తుకుని పెంచిన తమ్ముడు దామోదర్, నాచారంలో ఒక కార్ఖానాలో పని పోయి ఖాళీగా తిరుగుతుంటే, వాణ్ని నడిసముద్రంలోని ఒక దీవికి పంపాడు. ఓడలకు దారి చూపే దీపస్తంభం దగ్గర కొలువు. వాడికి మనసు లేదు. సర్కారు నౌకరీ కాలదన్నుకుంటావా అని అన్నే కసిరి రైలెక్కించాడు. ఆ దీవికి ఎదురుగా నీళ్లలోంచి లేచిన నిప్పుల కొండ ఉంది. నెలకొక పడవ, ఆ పడవలో ఒక ఉత్తరం. “అన్నా, గీ కొండ పొగకు నీ కాయితాలన్ని ఒక్క దినంల నల్లగైతయి” అని రాశాడు దామోదర్. అప్పటి నుంచి దూరపు గీత ఏది పడ్డా, అది ఆ దిక్కుదేనా అని బసవరాజు సారును అడిగేవాడు. ఔనంటే ఆ రోజు తమ్ముడు పలకరించినట్టే.

పన్నెండు రోజుల కిందట ఆ కొండ గట్టిగానే పలికింది. కొత్త డోలుతో గదిలోకి వచ్చి ఆరడుగులు వేశాడో లేదో, సూది ఎగిరెగిరి పడింది. కదిలితే గీత చెడిపోతుందని బసవరాజు ఉన్నచోటనే బిగుసుకుపోయాడు. తమ్ముని కొండే అయి ఉండాలనుకుంటూ ముప్పావు గంట అలాగే నిలబడ్డాడు. మధ్యాహ్నానికి సారు లెక్కలు కట్టి, అది మీ తమ్ముడి కొండేనయ్యా అన్నారు. ఇంత శుభ్రమైన గీత తన సర్వీసులో చూడలేదని, ఆ కాగితానికి అద్దం కట్టించి తన గది గోడకు పెట్టించారు. బసవరాజు ఆఫీసంతా మిఠాయి పంచాడు. మా తమ్ముని కొండ అని తోటమాలి దాకా అందరినీ పిలిచి చూపించాడు.

పడవ రావలసిన రోజు దాటిపోయింది. ఉత్తరం లేదు. ఫికర్ చేయకని తారామణికి చెప్పాడు కానీ, పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే చేతిలో పని వదిలి గేటు దాకా పోతున్నాడు.

డోలు మార్చి వచ్చిన ఆ మధ్యాహ్నం నరసింహమూర్తి గారు పిలిపించి, కూర్చోమన్నారు. ఆ గదిలో బసవరాజు ఎన్నడూ కూర్చోలేదు. కుర్చీ అంచున ఒదిగాడు. సారు బల్లమీది టెలిగ్రాం వంక చూస్తూ చెప్పారు. కొండ ఒక పక్క విరిగి సముద్రంలో పడింది. లేచిన అల ఎదురు దీవిని ఊడ్చుకుపోయింది. వెళ్లి చూసిన ఓడకు రాయి తప్ప మరేమీ కనబడలేదట. స్తంభం లేదు, అక్కడ కొలువున్న ముగ్గురు మనుషులూ లేరు.

“ఎన్నడు సార్?” అన్నాడు బసవరాజు.

ఆయన గోడ వంక చూశారు. “ఆ రోజేనయ్యా. ఆ గీత పడుతున్నప్పుడే.”

బసవరాజు లేచి అద్దం దగ్గరికి నడిచాడు.

“గప్పుడు నేను కదలకుంట నిలవడ్డ సార్,” అన్నాడు. “నవ్వుకుంట నిలవడ్డ.”

నరసింహమూర్తి గారు లేచి వచ్చారు. కళ్లు తుడుచుకుని, అద్దాన్ని తీసేయబోయారు. బసవరాజు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అదీ ఎన్నడూ చేయనిదే.

“ఉండనీయుండ్రి. వానికి మట్టి గూడ దక్కలే. గిదొక్కటే ఉంది.”

వెళ్లేముందు, పొద్దున ముంచిన కాగితం ఆరిందో లేదో వేలితో చూసి, మడత పడకుండా బల్లమీద పరిచాడు. తారామణికి ఎలా చెప్పాలో తెలియక, ఇల్లు దాటి నాచారం చివరిదాకా నడిచి మళ్లీ వెనక్కి వచ్చాడు. మరునాడు తోటపని ఇవ్వమని అర్జీ పెట్టుకున్నాడు. పొగ పట్టడానికి ఇంకొకరు వచ్చారు. తొమ్మిది గంటల గీతలు ఇప్పుడూ పడుతున్నాయి కానీ, వాటి పక్కన సారు ఏ అక్షరమూ రాయరు.

గోడమీది అద్దంలో మాత్రం మసి కాగితం మీద ఆరు చిన్న గీతలు, వాటి పక్కన ఎర్ర పెన్సిలుతో ‘బ’, దాన్ని ఆనుకుని దామోదర్ కొండ.