ఆదివారం రాని తలనొప్పి

మా ఆడపడుచును ఇద్దరు టైపిస్టులు చెరోవైపు పట్టుకుని తెచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టారు. ఆమె మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇద్దామని వెళ్ళిన నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవుల్లో రంగు లేదు. పది నిమిషాలు బయటి గాలి తగిలేసరికి మనిషి తేరుకుంది. మంచినీళ్ళ కన్నా ముందు మేనేజరు వచ్చాడు, చేతిలో కాగితంతో.

"సంతకం పెట్టి ఇంటికెళ్ళి పడుకోమ్మా."

"ఏంటది?"

"నీ జబ్బుకీ మా బిల్డింగుకీ సంబంధం లేదని. సోమవారంలోగా అందరూ పెట్టాలి. పెట్టనివాళ్ళు ఇక రానక్కర్లేదు."

పైకి చదివాడు కూడా: "నా అస్వస్థత గృహసంబంధమైన అలసట వల్లా, అతిగా ఆలోచించడం వల్లా కలిగినదని మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాను."

ఎంత నున్నటి వాక్యం! నాకు తెలియదూ? రాసింది నేనే.

మా ఆయన ఆ భవనానికి సూపర్వైజరు. వారం కిందట, మేనేజరు రాసి తెమ్మన్న ఆ కాగితం రాయలేక తల గోక్కుంటూ కూర్చున్నాడు. నేను బట్టలు మడతపెడుతూ అలవోకగా చెప్పాను. 'మనస్ఫూర్తిగా' చేర్చమన్నది కూడా నేనే. కాలేజీలో వ్యాసాలకు బహుమతులు తెచ్చుకున్నదాన్ని. పెళ్ళయ్యాక ఆ చదువు చాకలి పద్దుకు తప్ప అక్కరకు రాలేదు. అలాంటిది, "నీ అంత బాగా ఎవరు రాస్తారు!" అన్నాడాయన. పొంగిపోయాను. చదువుకుంటున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే గుర్తుంచుకోండి: మనల్ని కొనడానికి డబ్బే అక్కర్లేదు, కాస్త మెచ్చుకుంటే చాలు.

పోనీ, ఏమీ తెలియక రాశానా? బయటి గాలిని లోపలికి తెచ్చే పెద్ద ఫ్యానును రెండు నెలలుగా ఆపేశారని నాకు తెలుసు. కరెంటు ఆదా అట. కిటికీలకు మరలు బిగించారు. కొత్త తివాచీ కింది జిగురు వాసన, జిరాక్స్ యంత్రాల వేడి, నలభై ఏడుమంది ఊపిరి, అన్నీ ఆ గాజుడబ్బాలోనే గిరగిరా తిరుగుతున్నాయి. మేనేజరు చెప్తే ఫ్యాను ఆపింది మా ఆయనే. తన సొంత చెల్లెలు అదే గదిలో కూర్చుంటుందని తెలిసీ ఆపాడు. అన్నం తింటూ ఆ సంగతి చెబితే నేను కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

ఇంటికి వచ్చాక ఆడపడుచుతో అంతా చెప్పేశాను.

"అనుకున్నాను వదినా. మా మేనేజరుకి అంత భాష ఎక్కడిది?"

తిట్టినా బాగుండేది.

"రేపు మా మీటింగుంది. వచ్చి వాళ్ళతో చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మీటింగు తుమ్ములక్క ఇంట్లో. ఆఫీసులో అందరికన్నా పాత టైపిస్టు ఆవిడ. ఒకే గదిలో నలభైమందికి పైగా ఇరుక్కుని కూర్చున్నారు.

"సూపర్వైజరు పెళ్ళానికి ఇక్కడేం పని?"

"మన మాటలు మొగుడికి మోసుకెళ్ళడానికి. ఇంకేం పనుంటుంది!"

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతలో వెనకనుంచి ఒకాయన, "సంతకం పెట్టేద్దాం. పిల్లలు గలవాళ్ళం. తలనొప్పికి ఎవరూ చావలేదు" అన్నాడు.

తుమ్ములక్క లేచింది. "ఒరేయ్, ఆఫీసులో వరసబెట్టి తుమ్ముతాను. గేటు దాటితే ఒక్కటి రాదు. నా ముక్కుకి డ్యూటీ టైము ఎవడు నేర్పాడ్రా?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక మూలనున్న పిల్ల నెమ్మదిగా, "నాకూ ఆదివారం తలనొప్పి రాదక్కా" అంది.

"నాకూ రాదు."

"నేను నా ఒంట్లోనే ఏదో లోపమనుకున్నా. సిగ్గేసి మా ఆయనకి కూడా చెప్పలేదు."

ఇన్నాళ్ళూ ఎవరి నొప్పిని వాళ్ళు దొంగసొత్తులా దాచుకున్నారు. అప్పుడు నేను లేచి కాగితం సంగతీ ఫ్యాను సంగతీ చెప్పాను. గది భగ్గుమంది. ఎవరో నా వైపు చెప్పు చూపించారు. అది న్యాయమే.

"మీకు మంచి అర్జీ రాసిపెడతాను" అన్నాను.

"నీ మంచి రాత చూశాం వదినా" అంది ఆడపడుచు. "మేం చెప్తాం, నువ్వు దించు. ఒక్క మాట మార్చినా ఊరుకోం."

దించాను. 'పదకొండింటికి కళ్ళు మండుతాయి. బస్సెక్కాక తగ్గుతుంది.' చెయ్యి అలవాటుగా 'నేత్రములు' వైపు పోబోయింది. ఆపుకున్నాను.

సోమవారం నలభై ఏడుమందీ ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకొచ్చి ఆవరణలో వేసుకుని కూర్చున్నారు. ఫ్యాను తిప్పాలి, కిటికీలు తెరవాలి, ఆ కాగితం చింపాలి. అందాకా లోపలికి పోయేది లేదు. తాళంచెవుల గుత్తితో మా ఆయన వచ్చాడు.

"నువ్వేంటి ఇక్కడ?"

"మీరు సగమే రాయించుకున్నారు. మిగతా సగం వీళ్ళు రాయిస్తున్నారు."

ఆయన చెల్లెలి కుర్చీ వంక చూడలేదు. ఫ్యాను గది తాళమూ తీయలేదు.

మూడో రోజు పోలీసు వ్యాను వచ్చింది. అధికారి కాగితాలు తిరగేశాడు.

"ఇవి రాసిందెవరు?"

"నేనే. ముందు కాగితం రాసిందీ నేనే. దానికి మీరెవరూ రాలేదు."

"ఇంటికెళ్ళి వంట చూసుకోమ్మా" అన్నాడు నవ్వుతూ. తుమ్ములక్కనూ మా ఆడపడుచునూ వ్యానెక్కించారు. నేనూ ఎక్కబోతే ఒక పోలీసు మర్యాదగా పక్కకు జరిపాడు. వాళ్ళకు ఊపిరాడకుండా చేసినప్పుడూ నాకేం కాలేదు, వాళ్ళ కోసం నిలబడ్డప్పుడూ ఏం కాలేదు. శుభ్రమైన చీరతో రోడ్డు మీద నిలబడ్డాను. అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

వ్యాను కిటికీలోంచి ఆడపడుచు అరిచింది: "అలా నిలబడతావేంటి వదినా? అటు చూడు!"

అదే బిల్డింగులో పై అంతస్తు ఆఫీసు వాళ్ళు మెట్లు దిగి వస్తున్నారు. నిన్నటిదాకా అద్దాల వెనకనుంచి మమ్మల్ని వింతగా చూసినవాళ్ళే. ఒక్కొక్కరి నెత్తిన ఒక్కో కుర్చీ. ముందున్న పెద్దాయన నా ఎదుట కుర్చీ దించి, ఆయాసం తీర్చుకుని కూర్చున్నాడు.

"మావీ రాసుకో తల్లీ."

కొత్త కాగితం తీశాను.

"చెప్పండి బాబాయ్. మీకు ఎన్నింటికి మొదలవుతుంది?"