రోలర్ల మీద

లెస్లీ ప్రిడీ పరీక్ష గది తలుపు బయట స్టూలు మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. రెండింటినీ గోడవారగా, మొనలు తలుపు వైపు ఉండేట్టు జతగా పెట్టి, సంచిలోంచి పల్చటి గుడ్డ జోళ్ళు తీసి తొడుక్కున్నాడు. వాటి అడుగు అరిగి అరిగి అట్టముక్కలా అయిపోయింది. యాక్సిలరేటరు మీద ఎంత బరువు పడుతోందో పాదానికి తెలియాలంటే మధ్యలో అంతకన్నా మందం పనికిరాదని అతని నమ్మకం. ఆ బూట్లు బయట ఉన్నాయంటే లోపల లెస్లీ బండి నడుపుతున్నాడని, తలుపు ముట్టుకోకూడదని అక్కడ అందరికీ తెలుసు. గోడకి ఎర్రదీపం కూడా ఉంది గాని దాన్నెవరూ పట్టించుకోరు.

ఈవేళ సంచిలో జోళ్ళతోపాటు ఒక నీలం స్కార్ఫు ఉంది. పెళ్ళాం మొరీన్ పెట్టింది. దానికో కథ ఉంది. గారెత్ అనే ఇంజనీరు ఈ పరీక్షశాలకి పెద్ద, లెస్లీకి కొడుకు వయసువాడు. పరీక్షకి వచ్చిన ఎర్ర స్పోర్ట్స్ బండి గనక పొగ లెక్కలో పన్ను గీత కిందికి దిగితే శనివారం పొద్దున దాని తాళం చేతికిస్తానని, భార్యని ఎక్కించుకుని హన్‌స్టంటన్ సముద్రం దాకా వెళ్ళి రమ్మని మొన్న నోటిమాటగా అన్నాడు. లెస్లీ ఆ మాట పట్టుకుని పసివాడిలా ఇంటికి పరిగెత్తాడు. మొరీన్ చిప్సు వేయిస్తూ వెనక్కి తిరక్కుండానే విన్నది.

“ముప్పయ్యేళ్ళుగా ఫ్యాను గాలి తిని వస్తున్నావు. ఇప్పుడు నీకు సముద్రపుగాలి తినిపిస్తారా వాళ్ళు?” అంది. అన్నదే గాని, మర్నాడు సంతకి వెళ్ళి స్కార్ఫు కొనుక్కొచ్చింది. టాపు లేని బండిలో జుట్టు రేగిపోదూ మరి! పొద్దున సంచిలో పెడుతూ, “వాళ్ళు మాట మార్చేలోపు దీన్ని ఆ పక్క సీటు మీద వేసి రా. సీటు పట్టుకున్నట్టుంటుంది,” అని నవ్వింది. ఆవిడ అలా నవ్వి చాలా కాలమైంది.

ఫ్యాను గాలి మాట అబద్ధం కాదు. లెస్లీ నడపని స్పోర్ట్స్ కారు ఇంగ్లండులో లేదు. ఒక్కటీ రోడ్డు మీద నడిపిందీ లేదు. నేలలో బిగించిన ఇనుప రోలర్ల మీద చక్రాలు తిరుగుతాయి, బండి గొలుసులతో కట్టేసి ఉంటుంది, ఎదురుగా పెద్ద ఫ్యాను. తెర మీద గీత ఎక్కితే వేగం పెంచాలి, దిగితే తగ్గించాలి. గానుగెద్దు బతుకు. ఇన్నేళ్ళలో అతను నడిపిన దూరం నేల మీద పరిస్తే భూమిని ఎన్ని చుట్లు చుట్టేదో గాని, దిగి చూస్తే ఎప్పుడూ కెటరింగ్ ఊరి బయట అదే రేకుల షెడ్డు. అతని సొంత కారు రోడ్డు పన్ను కట్టలేక ఇంటి వెనక గుడ్డ కప్పుకుని పడుంది. అతను బస్సులో వస్తాడు, బస్సులో పోతాడు.

ఆ పన్ను కోసమే ఈ తతంగమంతా. బండి కిలోమీటరుకి ఎన్ని గ్రాముల పొగ వదిలితే దాన్ని కొన్నవాడు ఏడాదికి అంత పన్ను కట్టాలి. రెండువందల యాభై అయిదు గ్రాములు దాటిందా, అన్నిటికన్నా పై తరగతి. ఎర్ర బండి నిన్న రెండు గ్రాములు ఎక్కువ వదిలింది. ఇల్లంత ఖరీదు పెట్టి బండి కొనేవాడికి ఆ పన్ను తేడా వారాంతపు భోజనం ఖర్చు. అయినా బండి తయారుచేసిన కంపెనీవాళ్ళు ప్రాణం పోయినట్టు ఫోన్లు చేశారు. కలవాడు పదికి ఏడుస్తాడు, లేనివాడు బస్సెక్కుతాడు. సర్కారు తరఫున సాక్షిగా వచ్చిన ఆయన ఈ సాయంత్రం రైలెక్కి పోతాడు, కాబట్టి దిగినా దిగకపోయినా ఈ పూటే.

చట్టం ఒప్పుకున్న దొంగతనాలన్నీ రాత్రే అయిపోయాయి. బ్యాటరీ నిండా నింపారు, టైర్లు రాయిలా బిగిసేదాకా గాలి కొట్టారు. ఇక మిగిలింది లెస్లీ కాలు. స్కార్ఫు సీటు మీద వేద్దామంటే పరీక్షలో బండిలో బయటి వస్తువు ఉండకూడదు. సంచిలోనే ఉంచుదామంటే సాండ్‌విచ్ నూనె అంటుతుంది. ఆలోచించి, మడత చెదరకుండా ఎడమ బూటులో దాచాడు.

పరీక్షకి ముందు ఇంజను చల్లగా ఉండాలి, అందుకని బండిని చేత్తో తోసుకుంటూ రోలర్ల మీదికి తేవాలి. ఒక మనిషి తక్కువయ్యాడు. లెస్లీ భుజం వేశాడు. చక్రాలు రోలర్ల మధ్య కూర్చునేసరికి అతని ఎడమచెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది, దవడ లాగింది. చెమటను చొక్కా చేతికి తుడుచుకున్నాడు. యంత్రాలు చూసుకునే షెరిల్ పక్కగది అద్దం వెనక నించి లేచి వచ్చింది.

“ఏం పెద్దాయనా, మొహం అలా పాలిపోయిందేం?”

“రాత్రి తిన్న మాంసం అరగలేదులేవే.”

“పోనీ కాలిన్‌ని కూచోపెట్టనా? ఈ పూటకి నువ్వు ఊరుకో.”

కాలిన్ రెండో డ్రైవరు. అతని కాలు మొద్దు. అతను నడిపితే రెండు గ్రాములు కాదు, ఆరెక్కుతాయి. ఆ సంగతి షెరిల్‌కీ తెలుసు. తాళం సంగతి మాత్రం ఆవిడకి తెలియదు. తలుపులోంచి బూట్ల వైపు ఓసారి చూశాడు.

“కాలిన్ చేత నడిపిస్తే కంపెనీవాడు ఏడుస్తాడు. వెళ్ళి నీ కుర్చీలో కూర్చో,” అన్నాడు.

సీట్లో కూర్చున్నాక అతని చెయ్యి తనంతట తాను పక్క సీటుని ఒకసారి తడిమింది. కొత్త తోలు వాసన. ఇంజను గర్జించి సర్దుకుంది. తెర మీద గీత కదిలింది. ఊళ్ళో నడిచినట్టు ఎక్కడం, ఆగడం, మళ్ళీ ఎక్కడం. చెయ్యి నొప్పి ఛాతీకి పాకింది. చేతికందేంతలో ఎర్ర బొత్తాం ఉంది, నొక్కితే అన్నీ ఆగిపోతాయి. తాళమూ ఆగిపోతుంది. అతను నొక్కలేదు. కాలిబొటనవేలు కింద బండి పిల్లిలా మెత్తగా ఉంది. చివర్లో పెద్దరోడ్డు వేగం వచ్చింది, ఫ్యాను హోరెత్తింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సముద్రం ఇలాగే ఉంటుందేమో అనుకున్నాడు. గీత మెల్లగా దిగింది. గీతతోపాటు అతనూ దిగాడు, గీసినట్టు, సున్నా దాకా. ఇంజను ఆపాడు.

పరీక్షయ్యాక డ్రైవరు దిగకూడదు. ఎప్పుడో ఒక కుర్రాడు తొందరపడి దిగి తలుపు విసిరేస్తే వెనక పొగ గొట్టం ఊడి ఆ రోజు పనంతా బూడిదలో పోసిన పన్నీరైంది. అప్పటినించి సంచుల్లో పట్టిన పొగ లెక్క తేలేదాకా డ్రైవరు సీట్లోనే కూర్చోవాలి, గదిలోకి ఎవరూ రాకూడదు. ఆ నియమం పెట్టించిందీ లెస్లీయే. కాబట్టి అతను తల వంచుకుని కూర్చుంటే ఎవరికీ ఏమీ అనిపించలేదు. అందరి కళ్ళూ అంకె మీదే ఉన్నాయి.

రెండువందల యాభై నాలుగు. చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు, గట్టెక్కింది. గారెత్ షెరిల్ భుజం మీద చరిచాడు. సర్కారాయన సంతకం పెట్టి టీ అడిగాడు. గారెత్ అద్దంలోంచి బొటనవేలు చూపించాడు. లెస్లీ తల ఎత్తలేదు.

“ముసలాయన కునుకు తీస్తున్నాడు. తీయనీ పాపం, సంపాదించుకున్నాడు,” అన్నాడు గారెత్. ముగ్గురూ టీ తాగారు. కంపెనీకి ఫోను వెళ్ళింది. అటునించి వాళ్ళ కేకలు గది అంతా వినిపించాయి.

షెరిల్ కప్పు కడిగి వచ్చి మళ్ళీ అద్దంలోంచి చూసింది. లెస్లీ చెయ్యి పక్క సీటు మీద వెల్లకిలా పడి ఉంది. ఆవిడ కప్పు జారవిడిచి తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తింది.

ఆంబులెన్సు వచ్చేటప్పటికే అతను చల్లబడిపోయాడు. అతన్ని బండిలోంచి దించుతుండగానే కంపెనీ నించి మళ్ళీ ఫోను వచ్చింది, ఈ పరీక్ష చెల్లుతుందా అని. సర్కారాయన తెర మీద గీతని మొదటినించి చివరిదాకా చూశాడు. లెస్లీ కాలు ఎక్కడా గీత దాటలేదు. చెల్లుతుందన్నాడు.

మొరీన్‌కి గారెత్ స్వయంగా వెళ్ళి చెప్పాడు. ఆవిడ ఏడవలేదు. ఒక్కమాట అడిగింది.

“బండి దిగిందా మరి, మీ గీత కిందికి?”

దిగిందన్నాడు. తాళం సంగతి అతను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

శనివారం ఎర్ర బండి నిజంగానే హన్‌స్టంటన్ వెళ్ళింది. కంపెనీవాళ్ళు దాన్ని అలల పక్కన నిలబెట్టి, పక్క సీట్లో ఒక పిల్లని కూర్చోపెట్టి, ఎగురుతున్న జుట్టుతో ఫొటోలు తీయించారు. ఫొటో కింద పన్ను తక్కువని పెద్దక్షరాల్లో వేశారు. పొగ ఎంతో చిన్నక్షరాల్లో వేశారు.

పరీక్ష గదిలో ఇప్పుడు కాలిన్ నడుపుతున్నాడు. లెస్లీ బూట్లు మొరీన్‌కి పంపాలని షెరిల్ రోజూ అనుకుంటుంది. కానీ ఆ తలుపు దగ్గరున్న బూట్లని ముట్టుకోవడం అక్కడ ఎవరికీ అలవాటు లేదు. ఊడ్చేవాడు కూడా చుట్టూ ఊడ్చి పోతాడు. ఆ దారిన వచ్చినవాళ్ళు వాటిని చూసి గొంతు తగ్గిస్తారు, అడుగు మెత్తగా వేస్తారు, తలుపు తీయకుండా వెనక్కి మళ్ళుతారు. మొనలు లోపలి వైపు పెట్టిన ఆ బూట్లు గోడవారగా అలాగే ఉన్నాయి, ఎడమదాంట్లో నీలం స్కార్ఫు, మడత విప్పకుండా.