ఎర్ర బూట్ల కొలత

కరీంనగర్‌లో దీపిక చేసే ఉద్యోగం సంగతి వింటే బోథ్‌లో ఉన్న తల్లి బాలలక్ష్మికి నవ్వొచ్చేది. దేశంలో ఎక్కడో ఒక పాత విమానాశ్రయం వాళ్లు తమ మ్యూజియంలో ఉన్న మ్యాపులు, టికెట్లు, రిజిస్టర్లు, ప్రయాణికులు వదిలేసిన సామాన్లు అన్నిటికీ ఫొటోలు తీయించి, ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూసుకునేలా, వాడుకునేలా ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. వాటి మీదున్న తెలుగు రాతలు చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించడం దీపిక పని. "గింత సదివి మంది పాత సామాన్లు చూసుకుంట కూసున్నవా బిడ్డా?" అనేది తల్లి.

ఆ శుక్రవారం పొద్దున 214వ వస్తువు తెర మీదికొచ్చింది. నోటుపుస్తకంలోంచి చింపిన గళ్ల కాగితం. దాని మీద పెన్సిల్‌తో, పాదం పెట్టి చుట్టూ గీసిన గీత. చిన్నపిల్ల పాదం. బొటనవేలు దగ్గర గీత పక్కకు జారింది. మధ్యలో వంకరటింకర అక్షరాలు: "బాపూ, ఎర్రయి తే. లైట్లు ఎలిగేటియి. దీపిక, రెండో తరగతి."

దీపిక చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. పెన్సిల్ కితకితలు పెడితే తను కాలు వెనక్కి లాక్కోవడం, తల్లి మోకాలు నొక్కిపట్టి కసరడం, అంతా నిన్న మొన్నటిలా కళ్లకు కట్టింది. లోకంలో దీపికలు బోలెడుమంది ఉంటారని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఎంత సర్దిచెప్పుకుంటే ఏం లాభం, అది తన కాలే.

ఆ కొలత ఉత్తరంలో గల్ఫ్‌కు పోయింది. బూట్లూ రాలేదు, బాపూ రాలేదు. వచ్చే నెల వస్తున్నానని ఫోన్ చేసిన తండ్రి హనుమండ్లు మళ్లీ మాట్లాడలేదు. అక్కడ అతనితో ఒకే గదిలో ఉన్న ఒకాయన ఊరికొచ్చి, హనుమండ్లు పెట్టె సర్దుకొని ఎప్పుడో వెళ్లిపోయాడే అన్నాడు. అక్కడ ఇంకొకతెను పెట్టుకున్నాడని ఎవరి నోట వచ్చిందో ఏమో, ఊరికి అది చాలు. దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా అసలు ఆ పేరుతో మనిషే గల్ఫ్‌కు పోలేదన్నారు. పందొమ్మిదేళ్లుగా బాలలక్ష్మి పెళ్లిళ్లకు పోతే మూలకు కూర్చుంటుంది. బొట్టు పెట్టుకుంటే ఎవరి కోసమని మూతులు తిప్పేవాళ్లు కొందరు, పెట్టుకోకపోతే ఎందుకని ఆరా తీసేవాళ్లు కొందరు. దీపికైతే బాపు ఊసెత్తితేనే మండిపడేది. ఆయన ఫొటో ఎప్పుడో చింపి పొయ్యిలో పెట్టింది.

215వ వస్తువు, ఎర్ర బూట్ల జత. "వాడనివి. మడమలో లైటు ఉంది, వెలగదు." 216, పచ్చ చీర, మీద చీటీ: "బాలలక్ష్మికి". అన్నీ ఒకే అట్టపెట్టెలోవి. యజమాని పేరు రాసే గడిలో అన్నిటికీ ఒకటే మాట: తెలియదు.

పెట్టెతో పాటు రిజిస్టరు పేజీ ఫొటో కూడా ఉంది. దీపిక దాన్ని రెండుసార్లు చదివింది. పందొమ్మిదేళ్ల కిందట గల్ఫ్ విమానం దిగిన ప్రయాణికుడు లోపలి హాలులో సామాను కోసం నిలబడి కుప్పకూలాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపు ప్రాణం పోయింది. పాస్‌పోర్టులో పేరు వెంకటి. ఆ చిరునామాకు వెళ్లి విచారిస్తే వెంకటి ఇంట్లోనే ఉన్నాడు, నిక్షేపంగా ఉన్నాడు. చనిపోయినదెవరో తెలియలేదు. అంత్యక్రియలు అక్కడే జరిపించారు.

లేచి వెళ్లి, ఆఫీసు పెద్ద వంశీధర్‌రావుకు చూపించింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"గప్పట్ల ఏజెంట్లు గిట్లనే చేస్తుండిరమ్మా. ఒకని పాస్‌పోర్టుకు ఇంకొకని ఫొటో అతికిచ్చి పంపుతుండిరి. ఇంట్ల పెండ్లానికి గుడ చెప్పద్దని ఒట్టు పెట్టిచ్చుకుంటుండిరి," అన్నాడు. "సోమవారం గివన్ని అందరికి తెరుస్తరు. గిది మీ ఇంటి సంగతి. అద్దంటే గీ పెట్టె పక్కకు పెట్టుమని నేను మాట్లాడ్త. మీ అవ్వనడిగి చెప్పు."

మర్నాడు మధ్యాహ్నానికి దీపిక బోథ్‌లో బస్సు దిగింది. బాలలక్ష్మి వాకిట్లో చేటతో కందులు చెరుగుతోంది. ఎలా మొదలుపెట్టాలో దారిపొడుగునా అనుకున్నదంతా దీపికకు అక్కరకు రాలేదు. ఊరికే ఫోన్ ముందుకు చాపింది.

బాలలక్ష్మికి చదువు రాదు. కాగితం బొమ్మ చూసింది, చేట కింద పెట్టింది. "గిది నీ కాలు," అంది. "ఏడిదే గిది?"

దీపిక పక్కన కూర్చొని రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు చదివింది. బాలలక్ష్మి మధ్యలో ఒక్కటే అడిగింది.

"పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?"

"వచ్చేటప్పుడే అవ్వా. మన దేశంల దిగిండు. పెట్టె కోసం నిలవడ్డడు."

బాలలక్ష్మి కళ్లల్లో నీళ్లు లేవు. రెండు చేతులూ చూసుకుంది, ఒళ్లో పెట్టుకుంది, మళ్లీ చూసుకుంది.

"పందొమ్మిదేండ్ల సంది తిట్టిన బిడ్డా," అంది చివరికి. "పొద్దుగాల లేస్తె తిట్టిన. నీకు జరమొస్తె తిట్టిన. ఊరోళ్లు అన్నది నిజమే అనుకున్న. నేను గుడ గట్లనే అనుకున్న." అప్పుడు ఏడ్చింది. దీపికకు తను పొయ్యిలో పెట్టిన ఫొటో గుర్తొచ్చి తల్లి భుజం మీద తల పెట్టేసింది.

కాసేపటికి బాలలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకేమన్న తెచ్చిండా?"

"చీర. పచ్చది. మీద నీ పేరు రాసిండు."

"గిదంత ఊరోళ్లకు గుడ కనవడ్తదా?"

"అందరికి కనవడ్తది. సోమవారం సంది ఎవ్వలైనా చూడచ్చు. నువ్వు అద్దంటే సార్‌కు చెప్పి ఆపిస్త."

"బాపు పేరు కాడ ఏమున్నది?"

"తెలియదు అని ఉన్నది."

బాలలక్ష్మి లేచి నిలబడింది. "తెల్వకపోవుడేంది? రాయి. హనుమండ్లు, బోథ్. బాలలక్ష్మి పెనిమిటి. ఇంటికొస్తుండె అని గుడ రాయి."

దీపిక ఫోన్‌లో ఆ గడి తెరిచింది. "అవ్వా, రాస్తె బాపు సచ్చిపోయిండని అందరికి తెలుస్తది. ఎల్లుండి సంది నీ బొట్టు..."

"బొట్టు పోతె పోనీ బిడ్డా," అంది బాలలక్ష్మి. "నా మొగడు దొరికిండు."

దీపిక ఆ గడిలో ఉన్న మాట కొట్టేసి, తల్లి చెప్పింది చెప్పినట్టు రాసింది.