పింటా దాచుకున్న ముక్క

ఎలాడియో నడుం వంచి, చచ్చిన నేల ఉడుతను తోక పట్టి బకెట్లో వేశాడు. వాల్‌నట్ తోటలో ఉడుతలు చావడానికి మందు కలిపిన బార్లీ చల్లడం నిన్నటి పని. చచ్చినవాటిని ఎండెక్కకముందే ఏరి పాతిపెట్టడం ఇవాళ్టి పని. వదిలేస్తే వాటిని తిన్న పిట్టలూ చస్తాయి. ముప్పై ఏళ్లలో అతను ఒక్కటీ వదల్లేదు. అందుకు మెచ్చుకున్నవాడూ లేడు.

వెనకాలే గెంతుతూ వస్తోంది పింటా, కాకులకు చుట్టమైన మాగ్‌పై పిట్ట. నలుపూ తెలుపూ ఒళ్లు, పసుపు ముక్కు, జానెడు తోక. ఈ లోయ దాటితే ఎక్కడా బతకని జాతి. గూట్లోంచి పడిపోతే అతని భార్య అంపారో చేరదీసి పెంచింది. ఇప్పటికీ పింటా రోజూ రొట్టె సగం తిని, మిగతా సగం కిటికీలో ఉన్న అంపారో గిన్నెలో దాస్తుంది. అంపారో పోయి నాలుగేళ్లయినా ఆవిడ గొంతు మాత్రం దీని దగ్గరే ఉంది.

"ఎలాడియో, తిందువు రా!" అంది పింటా, అచ్చం ఆవిడ గొంతుతో.

"వస్తున్నానే తల్లీ, ఆగు."

మేస్త్రీ నబోర్ ట్రక్కు వచ్చి ఆగింది. "ఏమయ్యా, ఆ ఉడుతల అంత్యక్రియలు తర్వాత చేద్దువుగాని. కాలవ గేటు విరిగింది, ఎక్కు."

"ఇంకో నాలుగు వరసలున్నాయి..."

"చచ్చినవి లేచి పారిపోతాయా?"

"సరే, సరే," అంది పింటా. అది ఎలాడియో మాటే, అతని గొంతే.

నబోర్ పగలబడి నవ్వాడు. "చూశావా, నీకంటే ముందు ఇదే ఒప్పుకుంది!"

ఎలాడియో ట్రక్కెక్కాడు. తోట దాటి పింటా రాదు.

గేటు బాగయ్యేసరికి పొద్దు వాలింది. తిరిగొచ్చేసరికి ఓక్ చెట్టు కింద పింటా జాతి పిట్టలు ఇరవై నేలమీద గుండ్రంగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. మధ్యలో పింటా, కాళ్లు ముడుచుకుని. పక్కనే సగం తిన్న ఉడుత.

అతను టోపీ తీసి అక్కడే కూలబడ్డాడు. గంట ఆగమంటే నోరు పడిపోయేదా? తన చేతకానితనం మీద తనకే అసహ్యం వేసింది. ఆ ఒక్క మాట పెగలనందుకు అంపారో ఇవాళ రెండోసారి పోయింది.

"ఏంటలా కూర్చున్నావ్?" ట్రక్కులోంచే అరిచాడు నబోర్. "పిట్టేగా! ఇంకోదాన్ని పట్టుకో. రేపు పడమటి గట్టున మందు చల్లాలి, తెల్లారేసరికి వచ్చెయ్."

"సరే," అన్నాడు ఎలాడియో.

ఇంట్లో కిటికీ దగ్గర అంపారో గిన్నె అలాగే ఉంది. అడుగున పొద్దుటి రొట్టె ముక్క, ఎవరి కంటా పడకుండా పింటా పైన కప్పిన ఎండుటాకు.