చూరు కింద ఆకు

ఏరు దాటుతున్నాను, కానీ నీళ్లు కాళ్లకి తగలడం లేదు. నెత్తి మీద అంబలి కుండ, చంకలో అడ్డాకు దొప్పలు, ఎదురుగా కొండ ఉండాల్సిన చోట తెల్లటి మంచు, ఆ మంచులోంచి మా ఇంటి చూరొక్కటే బయటికి వచ్చి ఉంది, గోడల్లేవు, పొయ్యి లేదు, ఒట్టి చూరు. కుండ జారిపోతుందేమోనని ఒక భయం, జారకపోతే ఏ సిపాయి కంటైనా పడుతుందేమోనని ఇంకో భయం. నాకు భయాలెప్పుడూ జంటగానే వస్తాయి.

చూరు కింద మా అత్త కూర్చుని చింతగింజలు నములుతోంది. మా కొడుకు సింగన్నకి మీసాలు రాకముందే ఆమె పోయింది. ఆ సంగతి తెలిసి కూడా నేను కోక సర్దుకుని, అత్త ముందు కోడలు నిలబడినట్టే నిలబడతాను.

"ఏటే రాజులూ, సచ్చినోల్ల ఏట్లో కూడా బిగబట్టుకుని నడుస్తన్నావా. ఇక్కడెవులూ మునగరే."

ఆవులు ఈనాయా అని అడుగుతుంది. తాసిల్దారు వేయించే బాట ఎందాకా వచ్చిందని అడుగుతుంది. పూర్తయిందని చెబుతాను, కూలివ్వకుండా మా అందరిచేతా రాళ్లు మోయించి వేయించిన ఆ బాట మీదనే మలబారు సిపాయిలు మన కొండకొచ్చారని చెబుతాను. మామ కాలంలో దొరల మీద లేచిన పితూరీలో బాటే లేదనీ, దొరని డోలీ కట్టి మోసుకురావాల్సి వచ్చిందనీ, మోసినవాళ్లే వాణ్ణి ముళ్లలో దించేసి పారిపోయారనీ అత్త నవ్వుతుంది. నవ్వుతుండగా ఆమె ముఖం మా అమ్మ ముఖంలా మారి, మళ్లీ అత్త ముఖమవుతుంది. నవ్వు ఆగేలోపు అడిగేద్దామని, లేదనే జవాబు వచ్చేలా మాట కూడదీసుకుంటాను.

"అత్తా, మా సింగన్న నీకాడికి రానేదు కదా."

అత్త చింతగింజ ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకుంటుంది. "రేపు మామిడి కొత్త కదే. ఆడి ఆకు ఎక్కడేస్తావు?"

మా కొండల్లో కొత్త మామిడికాయ నోట పెట్టకముందు ఇంట్లో చచ్చిపోయినవాళ్లని పేరు పేరునా పిలిచి, చూరు కింద ఆకులేసి వడ్డిస్తాం. బతికున్నవాళ్ల ఆకులు లోపల పొయ్యి దగ్గర. సింగన్న తన తాత విల్లు భుజానేసుకుని పితూరీ మనుషులతో కొండెక్కిన తర్వాత, వానల్లో సిపాయిలు కాల్పులు జరిపారనీ, వాడు పొంగిన ఏట్లో పడిపోయాడనీ కబురొచ్చింది. శవాన్ని చూసినవాళ్లు లేరు. నిరుటి కొత్తకి వాడి ఆకు పొయ్యి దగ్గరే వేశాను. ఊరంతా చూసి ఊరుకుంది. నిన్న సాయంత్రం నా మొగుడు పెంటయ్య ఆకులు కుట్టుకుంటూ, ఈసారి పొయ్యి దగ్గర మూడా, రెండా అని అడిగితే, చేతిలో ఉన్న గరిట నేలకేసి కొట్టాను. కొడుకు పోడు నుంచి ఆలస్యమైతే పులి ఎత్తుకుపోయిందనుకునేదాన్ని, దగ్గితే గూడెమంతా మందుకోసం తిరిగేదాన్ని, అన్నిటికీ చెడే తలచే నేను ఆ ఒక్క చెడునీ తలచలేదు.

అదంతా అత్తకి చెబుతున్నానో, నాలో నేను అనుకుంటున్నానో తెలియదు. ఇంతలో మంచు పలచబడుతుంది.

కొండ మీంచి మనుషులు దిగుతున్నారు. ఒకరి వెనక ఒకరు, ఎండుటాకు మీద అడుగుపడినా చప్పుడు లేదు, గాలి లేకపోయినా వెదుళ్లు వంగి వాళ్లకి దారిస్తున్నాయి. మా మామ కాలంవాళ్ల చేతుల్లో విల్లులు, ఇప్పటివాళ్ల చేతుల్లో ఠాణాలు కొట్టి తెచ్చిన తుపాకులు, అందరిదీ ఒకటే ఈడు. నేనెన్నడూ చూడని మా మామ ముందు నడుస్తున్నాడు, మెడ మీద ఉరితాడు ఒరిపిడి మచ్చ పూసలదండలా ఉంది. శిఖరం నుంచి ఏటి దాకా మనుషులే, ఇంకా వస్తూనే ఉన్నారు. మేం ఆడవాళ్లం మామిడి టెంకల్ని బుట్టల్లో పోసి, వగరు పోవడానికన్నట్టు ఏట్లో నానేసి వచ్చేవాళ్లం. సిపాయిలు వాసన చూసి బుట్టని తన్నిపోయేవాళ్లే కానీ, అది కొండ మీద మనుషుల తిండని వాళ్లకి తట్టలేదు. తెల్లారేసరికి బుట్టలు తేలికయ్యేవి. తీసుకున్నవాళ్ల ముఖమొక్కటీ మేం చూడలేదు. ఇవిగో ఆ ముఖాలన్నీ. మొక్కుదామని అనుకోకముందే నా మోకాళ్లు నేలకానాయి.

అంబలి పోస్తున్నాను. ఒక్కొక్కరూ దొప్పని కళ్లకద్దుకుని తాగుతున్నారు, ఎంత పోసినా కుండ తరగడం లేదు.

"ఈల్లంతా పిలుపందినోల్లు," అంటుంది అత్త.

అందరికంటే వెనక సింగన్న ఉన్నాడు. పంచె తడిసి నీళ్లు కారుతోంది. దొప్ప పుచ్చుకున్నాడు కానీ చాచలేదు. తాగడం లేదంటే వీళ్లలోవాడు కాదని నా గుండె ఎగిరింది, కుండని కొంగుతో కప్పేశాను. వాడి నోట్లో ఇంకో ముద్ద పెట్టాలని బతికినదాన్ని, ఆ నోటికి ఆకలి లేకుండా ఉంటే చాలని మొక్కుతున్నాను.

"నీకిక్కడొద్దులే నాయనా, ఇంటికొచ్చి తాగుదువు."

"ఆకలేస్తందే అమ్మా. పేరు పిలవందే తాగకూడదంట. తాత ఊరుకోడు."

"ఎప్పటినుంచిరా?"

"ఏట్లో పడ్డ కాణ్ణించి."

నొప్పేసిందా, పక్కనెవరున్నారు, ఎవరైనా నీళ్లు పోశారా అని అడుగుతూనే ఉన్నాను. వేట సంగతులు చెప్పినంత తేలిగ్గా చెబుతున్నాడు: మిగతావాళ్లు కొండ ఆవలికి దిగేదాకా ఒకడు నిలబడాలన్నారంట, వీడు నిలబడ్డాడంట, అందరూ దిగారంట. తేనె తియ్యడానికి కూడా నేను ఒంటరిగా పంపనివాడు.

"భయమెయ్యలేదురా?"

"ఏసింది. నీ కొడుకుని కదా."

ఆ మాటకి వరసలో అందరూ నవ్వుతారు, మా మామ కూడా. కొండంత నవ్వు, అయినా చప్పుడు లేదు. కొంగు తీసేస్తాను. పేరు పెట్టి పిలుస్తాను.

"సింగన్నా."

వరసంతా నిలబడుతుంది. ఏరు నిలబడుతుంది. వాడు దొప్ప చాస్తాడు, నిండా పోస్తాను, ఊపిరి తీసుకోకుండా తాగి, దొప్పని సగానికి మడిచి చూరులో గుచ్చుతాడు. చీమలు పడతాయిరా అని తిట్టబోతాను, ఇన్నేళ్లూ తిట్టినట్టే. అప్పటికే తాత వెనక చేరి, కొండ మలుపు తిరిగిపోతున్నాడు.

కళ్లు తెరిచేసరికి కోళ్లు కూస్తున్నాయి. బయట పెంటయ్య ఆకులు తుడుస్తున్నాడు. లేచి గుమ్మంలోకొచ్చి తలెత్తాను. చూరు గడ్డిలో, పొగకి నల్లబడి, సగానికి మడిచిన ఎండు దొప్ప ఒకటుంది. కబురొచ్చిన నాడు వాడి చేతిది ఏదైనా దొరుకుతుందేమోనని ఇల్లంతా వెతికాను కానీ అక్కడ చూడలేదు. ముట్టుకుంటే పొడైపోతుందని ముట్టుకోలేదు.

పెంటయ్య నా వైపు చూడకుండా, నెమ్మదిగా, పొయ్యి కాడ ఎన్ని వెయ్యమన్నావని అడిగాడు.

"రెండే," అన్నాను.