బొమ్మకు కట్టిన ఘుగ్రీలు

బాన్సువాడ ఆడపిల్లల బడి హాల్లో మహిళా మండలి వాళ్లు మూడు రోజుల ప్రదర్శన పెట్టారు. 'ఫ్యాషన్, చిత్రకళ. ప్రవేశం ఉచితం' అని గుడ్డ మీద రాసి గేటుకు కట్టారు. ఎనభై రెండో సంవత్సరం అది. నేను కుట్టు శిక్షణలో చేరి ఆరు నెలలైంది. నేను కుట్టిన బుట్టచేతుల జాకెట్టు కూడా లోపల వేలాడుతోంది. దాన్ని చూసి మెచ్చుకోవడానికి నాకొక మనిషి కావాలి. అందుకే శనివారం పొద్దున్నే మోతీబాయిని పట్టుకొచ్చాను.

మోతీబాయిది మా ఊరి పక్క తండా. మా పొలంలో నాట్లకు వచ్చినప్పుడు కలిసిన స్నేహం, పదేళ్లయింది. ఆమె వస్తుంటే వీధి మలుపు అవతలే తెలిసిపోతుంది. కాంచళి రవిక నిండా అద్దాలు, పావడా అంచుకు గవ్వలు, చెంపల పక్కన జుట్టుకు వేలాడే వెండి గంటలు, వాళ్ల మాటలో ఘుగ్రీలు. దాగుడుమూతలు ఆడటానికి పనికిరావే అని నేను ఏడిపిస్తుంటాను.

ఆమె భర్త చందూలాల్‌కు బిచ్కుందలో ఒక ఆఫీసులో అటెండరు ఉద్యోగం వచ్చింది. సోమవారం కాపురం మార్చాలి. ఉద్యోగస్థుల ఇళ్ల మధ్య కిరాయి గది. చీర కట్టుకుని, ఈ గలగలలన్నీ తీసేస్తేనే వెంట తీసుకుపోతానని, లేకపోతే తండాలోనే ఉండమని చందూలాల్ తేల్చి చెప్పాడు. జాకెట్లు కుట్టే పని నాకొచ్చింది. నా మొట్టమొదటి గిరాకీ మోతీబాయే. ఆ సంబరంలో నేను చందూలాల్ కంటే ఎక్కువ తొందరపడుతున్నాను.

"నడుమ పాపిట దీసి, జడేసి, కనకాంబరాలు పెడ్త. గా గంటలు దీసి పెట్టెల వెయ్యే" అన్నాను దారిలో.

"నువ్వు కుట్టిన జాకెట్ల ఊపిరి ఆడ్తదా?" అంది.

"ఆడకుంటె మాటలు తక్కువైతయి. మీ ఆయనకు పుణ్యం."

మోతీబాయి నవ్వింది. గంటల సంగతి మాత్రం ఎత్తలేదు. నేను పట్టించుకోలేదు. నా ధ్యాసంతా నా జాకెట్టు మీదే.

హాల్లోకి పోగానే ఎదురుగా పటాలు. ఒకదానిలో ఆడవాళ్లు వరి నాటుతున్నారు, వెనక నీలం కొండలు. మోతీబాయి నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గీమె నారుకట్ట కుడిచేతిల వట్టింది. గిట్ల నాటితె పొద్దుగూకేదాక ఒక్క మడి గాదు. చీరకు సుక్క బురద గూడ లేదు, ఏడ నాటుతుందో ఏమో!"

బొమ్మ గీసిన పిల్ల పక్కనే నిలబడి ఉంది. ఆ పిల్ల కళ్లు ఎర్రబడటం చూసి నేను మోతీబాయి చెయ్యి పట్టుకుని అక్కడి నుంచి లాగేశాను. నేరుగా నా జాకెట్టు ముందుకు తీసుకెళ్లాను.

"ఎట్లున్నది?"

ఆమె బుట్టచెయ్యి లోపల పిడికిలి దూర్చి తిప్పి చూసింది. "మంచిగనే ఉన్నది. ఒక్కో చేతిల శేరు పల్లికాయ పడ్తది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత కష్టపడి కుడితే పల్లికాయ సంచీ అంటుందా! విసవిసా మూలకు నడిచాను. ఆమె నవ్వుకుంటూ వెనకాలే వచ్చింది.

ఆ మూలలో కట్టెలకు గోనెసంచి చుట్టి, నారతో జుట్టు పెట్టి ఒక బొమ్మను నిలబెట్టారు. దానికి లంబాడీ బట్టలు తొడిగారు. కాంచళికి వీపు ఉండదు, దారాలే ఉంటాయి. వీళ్లకు ఆ సంగతి తెలియక వెనకది ముందుకు తొడిగారు. తర్వాత సిగ్గేసిందేమో, దారాల మీద తువ్వాలు కప్పి పిన్నులు పెట్టారు. మోతీబాయి అది చూసి నవ్వీ నవ్వీ నేల మీద కూర్చుండిపోయింది.

ఆ మూల చూసుకునే టీచరమ్మ సావిత్రమ్మ పరిగెత్తుకొచ్చింది. "ముట్టకుండ్రమ్మా!"

"ముడ్తలేను టీచరమ్మా. గీమె ముందుకు నడుస్తుందా, ఎనుకకు నడుస్తుందా చెప్పు!"

టీచరమ్మ బొమ్మను చూసింది, మోతీబాయిని చూసింది. మంచి మనిషి కాబట్టి కోపగించుకోకుండా తనూ నవ్వేసింది. ముగ్గురం కలిసి పిన్నులు తీసి, కాంచళిని తిప్పి తొడిగాం. దారం ఎక్కడ ముడి వేయాలో మోతీబాయి తన వీపు చూపించి మరీ నేర్పించింది.

అప్పుడు చూసింది బల్ల మీద ఉన్న ఘుగ్రీలను. వాటి ముందు ఒక అట్టముక్క పెట్టారు.

"ఏం రాసిన్రే?"

"చెవి కమ్మలు అని" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "గీమె మొగుడు సచ్చిండా?"

"బొమ్మకు మొగుడేందమ్మా?" అంది టీచరమ్మ తెల్లబోయి.

"మరి ఘుగ్రీలు ఎందుకు దీసిన్రు? గివి చెవులకు గాదు. పెండ్లినాడు జుట్టుకు అల్లుతరు. ఆయన పోయిననాడే దీస్తరు. నల్లదారం ఉంటె ఇయ్యి."

టీచరమ్మ దారం తెచ్చింది. మోతీబాయి ఆ నార జుట్టును రెండు చెంపల పక్కన పాయలు తీసి, ఒక్కో ఘుగ్రీని అల్లడం మొదలుపెట్టింది. పదేళ్లుగా ఆ గలగల వింటున్నాను, అవెందుకని ఒక్కనాడు అడగలేదు. పొద్దున పెట్టెలో వెయ్యమన్నది నేనే. నా మీద నాకే అసహ్యమేసింది.

"చందూలాల్‌కు తెల్వదా?" అన్నాను మెల్లగా.

"ఎందుకు తెల్వదు? నాయిన పోయి వాళ్లమ్మకు దీసిననాడు పక్కనే ఉన్నడు. పదేండ్ల పోరడు అప్పుడు."

"మరి నువ్వు చెప్పకపోయినవా?"

"నేను చెప్పుడేంది? ఆయనకే యాదికొస్తదని జూసిన. వారం సంది జూస్తున్న." అల్లిక మీది నుంచి కళ్లెత్తకుండానే అంది.

చందూలాల్ అప్పుడే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. టెర్లిన్ చొక్కా, జేబులో కొత్త పెన్ను. "అయ్యిందా? అక్క జాకెట్లు ఇచ్చిందా?" అన్నాడు హుషారుగా.

మోతీబాయి లేచి నిలబడింది. వాళ్ల భాషలో కాకుండా, మాకందరికీ అర్థం కావాలనే కాబోలు, తెలుగులోనే అంది. "చీర కడ్త. జాకెట్ తొడుగుత. గీ ఘుగ్రీలు మాత్రం నువ్వే ఇప్పు. నీ చేతులతోని." తల వంచింది.

"గంతేనా!" అని నవ్వుతూ చెయ్యి చాపాడు. వేలు ముడికి తగిలింది. అక్కడే ఆగిపోయింది. అతని మొహంలో నవ్వు పూర్తిగా జారిపోయింది.

"యాడీ" అన్నాడు, ఎవరితోనూ కాదు, తనలో తానే. వాళ్ల భాషలో అమ్మ అని. ఆ ఒక్క మాట నాకు తెలుసు.

చెయ్యి వెనక్కి తీసుకుని చొక్కాకు తుడుచుకున్నాడు. బొమ్మ చెంపల పక్కన అల్లిన ఘుగ్రీలను చూశాడు. "ఉండనియ్" అన్నాడు. "గట్లనే రా."

మోతీబాయి తల ఎత్తలేదు. కానీ గొంతులో పాత అల్లరి వచ్చేసింది. "బిచ్కుందల ఆఫీసోళ్ల పెండ్లాలు నవ్వుతరేమో?"

"నవ్వనియ్యే" అన్నాడు చందూలాల్. "నేను బతికున్ననని ఎరుకైతది."